దాచిన ఫైలు దక్కకుండా చేసుకోవడం ఎలా?

ఈ సలహాలు ఫైలు భద్రంగా ఉండాలని కోరుకునే పిరికివాళ్ళ కోసం కాదు. మూడు గంటలు మెడ నొప్పెట్టేలా కూర్చుని టైపు చేసిన ప్రోగ్రాం చిటికెలో మాయం కావాలని, అది తమ చేతుల మీదుగానే జరగాలని, పైగా ఎలా పోయిందో ఎవరికీ అంతుపట్టకూడదని ముచ్చటపడేవాళ్ళ కోసం. ఈ రోజుల్లో ఆ ముచ్చట తీరడం కష్టమే. కొట్టిన అక్షరం కొట్టినట్టే ఎక్కడో ఒక సర్వర్లో పోయి కూర్చుంటోంది, వద్దన్నా వినదు. కాబట్టి ఓ నలభై ఏళ్ళు వెనక్కి, 1980ల నాటి అమెరికా, కెనడా ఇళ్ళల్లోకి వెళ్దాం. హాల్లో టీవీకి తగిలించిన కమడోర్ 64. దాని పక్కన, చెప్పుల డబ్బాని పొడుగ్గా సాగదీసినట్టు, 1541 అనే డిస్కు డ్రైవు. కష్టార్జితం పోగొట్టుకోవడానికి మధ్యతరగతి ఇంట్లోకి అంతకన్నా నమ్మకమైన సాధనం అప్పటికి రాలేదు.

సాధనం గురించి కాస్త తెలుసుకుంటే పని సులువవుతుంది. కంప్యూటరు 1982లో 595 డాలర్లకి బజార్లోకి వచ్చింది. డ్రైవు ఖరీదు 400 డాలర్ల దాకా ఉండేది. పెళ్ళి ఖర్చుతో పందిరి ఖర్చు పోటీపడుతోందేమిటని నవ్వకండి. ఆ డ్రైవు ఉత్త పెట్టె కాదు, అదే ఇంకో కంప్యూటరు. లోపల సొంత 6502 ప్రాసెసరు, 2 కిలోబైట్ల మెమరీ, 16 కిలోబైట్ల రోమ్, వీటన్నిటినీ ఉడకబెట్టడానికి పెట్టెలోనే బిగించిన పవర్ సప్లై. గంటసేపు వాడితే పైన చెయ్యి పెట్టి చలి కాచుకోవచ్చు.

వెనకటి రోజుల్లో మన ఊళ్ళో రైతుకీ కరణానికీ ఉన్న సంబంధమే ఈ కంప్యూటరుకీ డ్రైవుకీ ఉన్నది. రైతుకి తన చేను పేరు తెలుసు. అది ఏ సర్వే నంబర్లో ఉందో, హద్దులేమిటో కరణం కట్టల్లో ఉంటుంది. కంప్యూటరు కూడా అంతే. "ఇదిగో ఫైలు, పేరు ఇది, దాచు" అని అప్పజెప్తుంది. ఎక్కడ దాచాలి, ఎవరి పక్కన దాచాలి అన్నది డ్రైవు చిత్తం. దాచలేకపోతే ఆ సంగతి గట్టిగా చెప్పాలన్న పట్టింపు కూడా దానికి లేదు.

కరణం చేతికింద ఉన్న నేల ఎంత? ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ, అదీ ఒకవైపే. 35 ట్రాకులు, మొత్తం 683 బ్లాకులు, బ్లాకుకి 256 బైట్లు. 18వ ట్రాకులోని 19 బ్లాకులు తన కచేరీకి ఉంచేసుకుంటాడు, మిగిలిన 664 మనవి. ప్రతి బ్లాకులో మొదటి రెండు బైట్లు తర్వాతి బ్లాకు ఎక్కడుందో చెప్తాయి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఆఖరిదాకా నడుస్తాయి. ఏ బ్లాకు నిండింది, ఏది ఖాళీ అన్న లెక్క 18వ ట్రాకు మొదటి బ్లాకులో ఉంటుంది. దాన్ని బామ్ అనేవాళ్ళు. కోస్తావాళ్ళు అడంగల్ అనుకోండి, తెలంగాణవాళ్ళు పహాణీ అనుకోండి. కాకపోతే ఈ పహాణీలో అనుభవదారు కాలమ్ లేదు. నిండిందా, ఖాళీయా, అంతే. ఎవరిదో రాయరు. పోగొట్టుకునే విద్యంతా ఈ ఒక్క కాగితం చుట్టూనే తిరుగుతుంది. కాగితం మీద ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ పొంతన చెడితే చాలు, మిగతాది కరణమే చూసుకుంటాడు.

మన దగ్గర ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో కరణాల వ్యవస్థ ఎత్తేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ లక్షల ఇళ్ళల్లో ఈ కరణం కొలువు తీరాడు.

చేతులు అలవాటు పడడానికి

ముందు చిన్నవి. ప్రోగ్రాం టైపు చెయ్యడం అయ్యాక సేవ్ అని కొట్టి, పేరు కొటేషన్లలో పెట్టి, అక్కడితో ఆపేయండి. చివర కామా, 8 పెట్టకండి. ఆ 8 డ్రైవు నంబరు. అది లేకపోతే కంప్యూటరు మీకు డ్రైవే లేదనుకుని, క్యాసెట్ రికార్డరు మీద రికార్డు, ప్లే మీటలు నొక్కమంటుంది. రికార్డరు మీ ఇంట్లో లేదు. 400 డాలర్ల డ్రైవు పక్కనే కూర్చుని తమాషా చూస్తూ ఉంటుంది. ఇది గొప్ప చిట్కా అని చెప్పను. ఎందుకంటే ప్రోగ్రాం ఇంకా మెమరీలోనే ఉంది, రన్ స్టాప్ మీట నొక్కి బయటపడొచ్చు. కంగారులో స్విచ్ ఆపేసే స్వభావం ఉన్నవాళ్ళకి మాత్రం ఇదొక్కటే చాలు.

తర్వాతది ఇంకొంచెం నాజూకైనది. డిస్కులో అదే పేరుతో పాత ఫైలు ఉండగా మామూలుగా సేవ్ కొట్టండి. డ్రైవు ఒప్పుకోదు. దాని దృష్టిలో అది 63వ నంబరు తప్పు, ఫైల్ ఎగ్జిస్ట్స్. అయితే ఆ మాట తెర మీదికి రాదు. తెర మీద సేవింగ్ అని పడుతుంది, కింద రెడీ అని పడుతుంది. పని అయినప్పుడు కూడా అచ్చం ఇవే రెండు మాటలు. తేడా అల్లా డ్రైవు మొహం మీద ఎర్రదీపం ఆగి ఆగి మినుకుతుంది. మీ కళ్ళు టీవీ మీద ఉంటాయి కదా, అక్కడే ఉంచండి. రెడీ అన్న మాటని నమ్మడం ఈ శాస్త్రంలో మూలసూత్రం. రెడీ అంటే "తర్వాత ఏం కావాలో అడుగు" అనే తప్ప "నువ్వు చెప్పింది చేశాను" అని కాదు. ఈ తేడా తెలిసినవాడు మన దారికి రాడు.

దీపం మీ కంట పడిందే అనుకోండి. అప్పుడు కూడా దారులున్నాయి. డ్రైవు ఏమంటోందో తెలియాలంటే 15వ ఛానెల్ తెరిచి, దాంట్లోంచి మాట చదువుకుని, తెర మీద వేసుకోవాలి. ఆ చదివే ఆజ్ఞని నేరుగా కొడితే కంప్యూటరు భాష బేసిక్ ఊరుకోదు, ఇల్లీగల్ డైరెక్ట్ అని కసురుతుంది. లైను నంబర్లు పెట్టి బుల్లి ప్రోగ్రాం రాయాల్సిందే. ఎక్కడ రాయాలి? మెమరీలో. మెమరీలో ఇప్పుడు ఏముంది? సేవ్ కాని మీ ప్రోగ్రాం. కనక ఏమీ ఆలోచించకుండా 10, 20, 30 అని లైన్లు కొట్టండి. మీ ప్రోగ్రాంలో ఆ నంబర్లతో ఉన్న లైన్లు వీటి కింద సమాధి అవుతాయి. రన్ చెయ్యండి. తప్పేమిటో తెలిసిపోతుంది. దాచాల్సింది ఏదో మాత్రం ఇక తెలియదు.

ఇంకా జాగ్రత్తపరులైతే, సేవ్ చేసే ముందు డిస్కులో ఏమేం ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఈ పద్ధతికి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. డైరెక్టరీ చూడాలంటే డాలరు గుర్తుని లోడ్ చెయ్యాలి: లోడ్ "$",8. తర్వాత లిస్ట్ కొడితే పేర్లన్నీ వరసగా దిగుతాయి, అడుగున ఎన్ని బ్లాకులు ఖాళీయో కూడా చెప్తుంది. ఆ డైరెక్టరీ ప్రోగ్రాం వేషంలోనే వస్తుంది. వచ్చి, మెమరీలో మీ ప్రోగ్రాం ఉన్న చోటే పీట వేసుకుని కూర్చుంటుంది. పొద్దుటినుంచీ కొట్టిన 200 లైన్లు పోయి, వాటి స్థానంలో పాత ఆటల పేర్లు. ఇందులో బగ్గేమీ లేదు. అలాగే కట్టారు.

నిజానికి ఈ రెండు అవస్థలకీ విరుగుడు డ్రైవుతో పాటు వచ్చిన టెస్ట్ డెమో డిస్కులోనే పడుకుని ఉంది. వెడ్జ్ అనే చిన్న ప్రోగ్రాం. దాన్ని ఎక్కించుకున్నాక ఉత్త @ కొడితే డ్రైవు మనసులో మాట తెర మీదికి వస్తుంది, @$ కొడితే మెమరీ చెక్కుచెదరకుండా డైరెక్టరీ కనబడుతుంది. అందుచేత ఆ డిస్కుని మొదటి రోజే ఫార్మాట్ చేసేయండి. ఓ కొత్త ఫ్లాపీ డబ్బులు మిగులుతాయి. అంచున గాటు లేక రాయనివ్వకపోతే కత్తెర తెచ్చి గాటు మీరే పెట్టండి. ఫ్లాపీని బోర్లించి రెండోవైపు కూడా వాడుకోవడానికి అప్పట్లో అందరూ చేసిన పనే అది.

ఎట్ గుర్తు మహిమ

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరైనా చెయ్యగలరు. అసలు విద్య ఇది.

ఫైలు పేరు ముందు @0: పెడితే, ఆ పేరుతో ఉన్న పాతదాన్ని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టమని డ్రైవుకి చెప్పినట్టు. సేవ్ "@0:ఆట",8. దీన్ని సేవ్ విత్ రీప్లేస్ అనేవాళ్ళు. మాన్యువల్లో అచ్చయి ఉంది కాబట్టి వాడుకోవడం మన జన్మహక్కు.

పైకి చూస్తే ఎంత బుద్ధిమంతుల పద్ధతో! డ్రైవు పాత ఫైలుని ముందే చెరపదు. కొత్తదాన్ని ఖాళీ బ్లాకుల్లో మొత్తం రాస్తుంది. ఆఖరి బ్లాకు కూడా పడ్డాకే డైరెక్టరీలో పాత చిరునామా కొట్టేసి కొత్తది వేస్తుంది, పాత బ్లాకుల్ని బామ్‌లో ఖాళీగా చూపిస్తుంది. కొత్తింట్లో పాలు పొంగించాకే పాతింటి తాళాలు ఇచ్చేసే గృహస్థులా. మధ్యలో ఏదైనా అయినా పాతది మిగలాలన్నది ఉద్దేశం. ఈ ఆలోచన చేసినవాళ్ళని తప్పుపట్టలేం.

చిక్కెక్కడంటే, ఆ ఇల్లు రెండు వాటాల ప్లాను మీద కట్టింది. కమడోర్ కంపెనీ అంతకు ముందు పెట్ కంప్యూటర్ల కోసం చేసిన 2040, 4040 లాంటివి జంట డ్రైవులు. ఒకే పెట్టెకి రెండు నోళ్ళు, వాటి నంబర్లు 0, 1. ఆ సాఫ్ట్‌వేరు వారసత్వమే 1541కి వచ్చింది. వాటిలో రెండు ప్రాసెసర్లు పంచుకున్న చాకిరీ ఇక్కడ ఒక్క 6502 నెత్తిన పడింది. రెండో నోరు పోయింది గాని, రెండో నోరు ఉందన్న భ్రమ పోలేదు. @0: అనకుండా ఉత్త @: తో సరిపెట్టి, ఏ డ్రైవో చెప్పకుండా వదిలేస్తే, ఆ లేని ఒకటో నంబరు డ్రైవుకి కూడా ఏర్పాట్లు మొదలవుతాయి. అమెరికా వెళ్ళి స్థిరపడ్డ కొడుక్కి రోజూ విస్తరి వేసి ఎదురుచూసే ఇల్లు లాంటిది.

విస్తళ్ళు చూస్తే లెక్కపెట్టినన్ని. ఉన్న 2 కిలోబైట్లలో సొంత ఖర్చులు పోను 256 బైట్ల బఫర్లు ఐదే మిగులుతాయి. అందులో ఒకటి బామ్‌కి కేటాయింపు. మిగతా నాలుగింట్లోనే రాస్తున్న ఫైలు, డైరెక్టరీ, అన్నీ సర్దుకోవాలి. చాలనప్పుడు, ఖాళీగా ఉన్నట్టు కనబడిన బఫరుని లాక్కోవడానికి రోమ్‌లో ఒక రొటీన్ ఉంది. రాసినవాళ్ళు దానికి పెట్టిన పేరులోనే స్టీల్ అని ఉంది. దొంగతనమని దాపరికం కూడా లేదు. సేవ్ విత్ రీప్లేస్ లాంటి పెద్ద బంతిలో, రాని కొడుక్కి ఒక విస్తరి పోయాక, ఈ లాక్కోవడం ఒక్కోసారి అడ్డం తిరుగుతుంది. ఒకరికి వడ్డించింది మరొకరి విస్తట్లో పడుతుంది. డిస్కు మీద తప్పు బ్లాకులో తప్పు సరుకు దిగుతుంది. ఎర్రదీపం మినకదు. తెర మీద రెడీ.

ఒక్కోసారి అన్నాను, గమనించారా? ఈ బగ్గు గొప్పతనమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఒక శనివారం ఊహించుకోండి. కంప్యూట్స్ గెజెట్ అనే పత్రిక 1983 జూలైలో మొదలైంది. దాని పేజీల్లో ప్రోగ్రాములు అచ్చు వేసేవాళ్ళు, పాఠకులు చూసి కొట్టుకోవాలి. ఇంటాయన ఎడమ చూపుడువేలు పేజీ మీద, కుడిచెయ్యి మీటల మీద. డేటా 169, 0, 141, 32, 208. ఆ ఐదు సంఖ్యలూ సరిగ్గా పడితే తెర అంచు నల్లగా మారుతుంది. 141 బదులు 114 పడితే ఏం జరుగుతుందో చెప్పలేం. పిల్లలు వచ్చి "అయిందా నాన్నా" అని అడిగి పోతున్నారు. మనిషి జాగ్రత్తపరుడు, ఇరవై నిమిషాలకోసారి సేవ్ చేస్తున్నాడు. పేరు మారిస్తే డిస్కు నిండిపోతుందని అదే పేరు, ముందు ఎట్ గుర్తు. దాని పక్కన సున్నా కొట్టే ఓపిక లేదు, ఉత్త @: తోనే కానిస్తున్నాడు. డ్రైవు గుర్రుమంటుంది, ఎర్రదీపం వెలిగి ఆరుతుంది, రెడీ. పదకొండుసార్లు ఇదే వరస. రాత్రి భోజనాలయ్యాక ఆట బ్రహ్మాండంగా ఆడింది. మర్నాడు ఆదివారం ఇంటి పద్దులు చూసుకుందామని అదే డిస్కులోంచి పద్దుల ప్రోగ్రాం లోడ్ చేశాడు. లిస్ట్ కొట్టాడు. మొదటి యాభై లైన్లూ తనవే. ఆ కింద 169, 0, 141, 32, 208.

పదకొండు సేవుల్లో ఏది ఈ పని చేసింది? తెలియదు. పాడు చేసిన ఫైలు బాగుంది, పాడైన ఫైలుని నెలరోజులుగా ముట్టుకోలేదు. ఇక ఎవరిని అనుమానించాలి? ఫ్లాపీ నాసిరకమంటారు. కరెంటు ఎగుడుదిగుళ్ళంటారు. పిల్లలు ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి ఆడారేమోనంటారు. పిల్లల వీపు విమానం మోతెక్కుతుంది.

అందుకే ఈ బగ్గు నిజమా పుకారా అని ఏళ్ళ తరబడి రెండు జట్లుగా కొట్టుకున్నారు. ఒక జట్టు ఆ గుర్తు జోలికే పోవద్దంది. రెండో జట్టు "నేను వందసార్లు వాడాను, ఏమీ కాలేదు" అంది. 1980ల మధ్యలో గాని సంగతి తేలలేదు. కెనడా నుంచి వచ్చే ట్రాన్సాక్టర్ లాంటి పత్రికల్లో డ్రైవు రోమ్‌ని లైను లైనూ విప్పి, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. మీరు ఆలోచించకుండా రెండో జట్టులో చేరండి. వందసార్లు ఏమీ కాలేదన్నది ఎవరూ కాదనలేని సాక్ష్యం. నూటొకటోసారి సాక్ష్యం చెప్పడానికి మీ ఫైలు ఉండదు.

పిరికివాళ్ళు ఏం చేసేవాళ్ళో కూడా చెప్తాను, వాళ్ళని చూస్తే గుర్తుపట్టడానికి. ఆట1, ఆట2, ఆట3 అని ఒక్కో సేవుకి ఒక్కో పేరు. ప్రతిసారీ వెరిఫై కొట్టి, మెమరీలో ఉన్నదీ డిస్కులో ఉన్నదీ ఒకటేనా అని సరిచూసుకోవడం. డ్రైవు సెకనుకి 400 బైట్లకి అటూ ఇటుగా పంపుతుంది కాబట్టి 16 కిలోబైట్ల ప్రోగ్రాం సరిచూడ్డానికి 40 సెకన్లు. కాఫీ డికాక్షన్ కూడా దిగని ఆ కాసేపూ వాళ్ళు వృథా చేసుకుంటారు. అంతా సరిగ్గా ఉందని తేలాకే అన్నిటికన్నా పాతదాన్ని చెరిపేస్తారు. చేతులారా చేసుకునేది గనక లేని వాటా గొడవ వాళ్ళకి రాదు. ఉత్సాహం లేని మనుషులు.

నక్షత్రం ఉన్న ఫైళ్ళు

సేవ్ సగంలో ఉండగా డిస్కు లాగేయడం, ప్రోగ్రాంలో తెరిచిన ఫైలుని మూయడం మర్చిపోవడం, ఇలాంటివి చేస్తే డైరెక్టరీలో ఆ ఫైలు రకం పక్కన ఒక నక్షత్రం గుర్తు వెలుస్తుంది. స్ప్లాట్ ఫైలు అనేవాళ్ళు. రిజిస్ట్రేషను సగంలో ఆగిపోయిన దస్తావేజు అది. చూడ్డానికి చెత్త. చెత్త చూస్తే ఊడ్చెయ్యాలనిపిస్తుంది. ఊడ్చెయ్యండి. చెరపడానికి స్క్రాచ్ అనే ఆజ్ఞ ఉండనే ఉంది.

స్క్రాచ్ ఏం చేస్తుందంటే, ఫైలు మొదటి బ్లాకు దగ్గర మొదలుపెట్టి, ఆ రెండు బైట్లు చూపించిన చోటికల్లా వెళ్తూ, దారిలో ఉన్న ప్రతి బ్లాకునీ బామ్‌లో ఖాళీ అని రాసుకుంటూ పోతుంది. మామూలు ఫైలుకి ఆఖరి బ్లాకులో "ఇక్కడితో సరి" అని ఉంటుంది. నక్షత్రం ఉన్నదానికి ఆ మాట రాసే అవకాశమే రాలేదు. చివర్న ఉన్న రెండు బైట్లు ఎప్పటివో, ఎవరివో. అవి పక్కవాడి పొలంలోకి దారి చూపిస్తే, స్క్రాచ్ ఆ పొలంలోకి వెళ్ళి అది కూడా ఖాళీ అని కరణం కాగితంలో రాసి వస్తుంది. పక్కవాడి ఫైలు ఇవాళ బాగానే చదువుతుంది, రేపూ చదువుతుంది. మీరు ఇంకో ఫైలు సేవ్ చేసిన రోజున దాని గట్లు దున్నేస్తారు. ఇంత ఆలస్యంగా, ఇంత దూరంలో ఫలితమిచ్చే చిట్కా మరొకటి లేదు.

ఇలాంటి ఫైలుకి సరైన మందు వాలిడేట్. మన భాషలో జమాబందీ. రెవెన్యూ అధికారి దిగి ఊరి లెక్కలన్నీ మొదటినుంచీ చూసినట్టు, డ్రైవు డైరెక్టరీలో ఉన్న ప్రతి ఫైలు వెంటా నడిచి, కొత్త బామ్ రాసుకుంటుంది. నక్షత్రం గాళ్ళని పక్కవాళ్ళ జోలికి పోకుండా తీసేస్తుంది. అందువల్ల అవసరమైన డిస్కు మీద దీన్ని వాడొద్దు. అవసరం లేని డిస్కు మీద వాడండి. కొన్ని ప్రోగ్రాములు డైరెక్టరీతో పనిలేకుండా నేరుగా బ్లాకుల్లో రాసుకుంటాయి. పట్టా లేకుండా దున్నుకుంటున్న రైతులు వాళ్ళు. జమాబందీలో వాళ్ళ భూమి అంతా బంజరు కింద తేలుతుంది, తర్వాతి సేవులో ఎవరికో పట్టా అయిపోతుంది. 1986లో వచ్చిన జియోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తన డిస్కులు సరిచెయ్యడానికి వేరే పద్ధతి ఉంది. ఆ డిస్కుల మీద ఈ మామూలు వాలిడేట్ కొట్టారంటే ఇక మీకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

డిస్కు ఫార్మాట్ చేసేటప్పుడు పేరుతో పాటు రెండక్షరాల ఐడీ అడుగుతుంది. ప్రతి డిస్కుకీ వేరే ఐడీ ఇమ్మంటారు. మీరు అన్నిటికీ 01 అనే ఇవ్వండి, గుర్తుంచుకోవడం తేలిక. డ్రైవు చేతిలో ఉన్న బామ్ ఏ డిస్కుదో పోల్చుకునేది ఆ రెండక్షరాలతోనే. రెండు ఊళ్ళకీ ఒకటే పేరైతే, పాత ఊరి పహాణీ చంకలో పెట్టుకుని కొత్త ఊళ్ళో భూములు పంచే ప్రమాదం ఉంది.

ఇక్కడ అటారీ వాళ్ళని తలుచుకోకపోతే అన్యాయం. 1983 నాటి 600ఎక్స్ఎల్, 800ఎక్స్ఎల్ కంప్యూటర్లలో వచ్చిన అటారీ బేసిక్ రివిజన్ బీలో, సేవ్ చేసిన ప్రతిసారీ ప్రోగ్రాం 16 బైట్లు ఒళ్ళు చేసేది. ఏమీ మార్చకుండా సేవ్ చేసినా సరే. ఎంత జాగ్రత్తపరుడైతే ప్రోగ్రాం అంత లావు. ప్రోగ్రాంని లిస్ట్ చేసి మామూలు అక్షరాలుగా బయటికి పంపి, మెమరీ తుడిచి, మళ్ళీ లోపలికి తెచ్చుకుంటే తగ్గేది. కమడోర్ పక్షపాతిని గనక ఒప్పుకోవడం కష్టం గాని, జాగ్రత్తకి ఇంత సూటిగా శిక్ష వేసిన బగ్గు మా 1541లో కూడా లేదు.

యంత్రం సంగతి ఒకటి మిగిలింది. 1541లో హెడ్డు మొదటి ట్రాకుకి చేరిందో లేదో చెప్పే సెన్సరు లేదు. అందుకని ఫార్మాట్ చేసేటప్పుడు, చదవడంలో తప్పు వచ్చినప్పుడు, హెడ్డుని వెనక్కి గోడకేసి టకటకా కొట్టుకుని, ఇక కదలకపోతే అదే మొదలని నిర్ధారించుకుంటుంది. కాపీ చెయ్యకుండా కావాలని తప్పులు పెట్టిన ఆటల డిస్కులతో ఈ మోత మరీ ఎక్కువ. ఆ దెబ్బలకి కొన్నాళ్ళకి హెడ్డు వరస తప్పుతుంది. అప్పుడు మీ డ్రైవు రాసింది మీ డ్రైవే చదువుతుంది, పక్కింటి డ్రైవు చదవదు. రిపేరుకి ఇవ్వొద్దు అని నా సలహా. ఇచ్చి సరిచేయిస్తే, వరస తప్పిన రోజుల్లో రాసినవి మీ డ్రైవు కూడా చదవదు. కాదు కాదు, ఆగండి. మన ఉద్దేశానికి అదే మంచిది. ఇవ్వండి.

డ్రైవులో డిస్కు ఉండగా స్విచ్ వెయ్యొద్దు, ఆపొద్దు అని మాన్యువల్ హెచ్చరించేది. ఆ క్షణంలో హెడ్డులో పారే కరెంటు అయినకాడికి ఏదో ఒకటి రాసేయగలదట. 35 ట్రాకుల్లో హెడ్డు అప్పుడు ఎక్కడుంటే అక్కడ. పని ముగిశాక డైరెక్టరీ ట్రాకు మీదే ఆగి ఉండే అవకాశం బాగానే ఉంటుంది, ఎందుకంటే చివరగా ముట్టుకున్నది దాన్నే.

సరే, చాలా పొద్దుపోయింది. తెర మీద ఏముంది? రెడీ అనేగా. ఎర్రదీపం వైపు చూడకండి. డిస్కు లోపలే ఉండనిచ్చి స్విచ్ ఆపేయండి.